కర్మియేల్ జిమ్ హాల్లో మంగళవారాలు

నిన్న పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ తీస్తే మెసేజ్ ఉంది. ఇజ్రాయెల్‌లో, గలిలయ ప్రాంతంలో, దేర్ అల్ అసద్ అనే అరబ్బు ఊళ్లో, ఒకావిడ చనిపోయింది. కబురు పంపింది ఆవిడ కొడుకో కోడలో కాదు. పక్కనే ఉన్న కర్మియేల్ టౌన్లో నేను కేర్‌గివర్‌గా పనిచేసిన ఇంటి మనవరాలు, యూదుల అమ్మాయి. "నేను వాళ్లింట్లోనే ఉన్నాను. వచ్చినవాళ్లకి కాఫీ పోస్తున్నాను" అని కింద ఒక్క ముక్క రాసింది.

అక్కడ అరబ్బుల ఇళ్లల్లో ఎవరైనా పోతే పలకరింపుకి వచ్చినవాళ్లకి చక్కెర లేని చేదు కాఫీ చిన్న చిన్న కప్పుల్లో ఇస్తారు. అది పోసేది ఇంటివాళ్లు, లేకపోతే ఇంటి మనుషుల్లా కలిసిపోయినవాళ్లు. ఆ పిల్ల చేతికి ఆ కాఫీ కూజా ఎలా వచ్చిందో ఇక్కడ మా వీధిలో ఎవరికైనా చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. నిన్నంతా అదే ఆలోచన. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మాది కోనసీమ. దళితుల పేటలో పుట్టి పేటలో పెరిగాను. పెళ్లయ్యాక అప్పులు తీర్చుకోవడానికి మొదట కువైట్ వెళ్లాను, ఇంటిపనికి. అక్కడే అరబ్బీ వచ్చింది. తర్వాత చర్చిలో ఒకక్క చెప్పగా ఇజ్రాయెల్ సంగతి తెలిసింది. ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండే పని, జీతం కువైట్ కంటే చాలా ఎక్కువ. మన గోదావరి జిల్లాల వాళ్లు, అటు నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్లు అప్పటికే ఎంతోమంది అక్కడ ఉన్నారు. విమానం దిగేటప్పటికి నా మనసులో ఉన్నది బైబిల్లో దేశమే. గలిలయ అంటే సండే స్కూల్లో నేర్చుకున్న పేరు. అక్కడ బిల్డింగులు, లిఫ్టులు, సూపర్ మార్కెట్లు ఉంటాయని తెలుసు గానీ, మా ఊరి కాలువలాంటి, మనుషుల్ని విడదీసే గీత ఒకటి ఉంటుందని మాత్రం అనుకోలేదు.

కర్మియేల్ పాత ఊరు కాదు. 1964లో ప్రభుత్వం కట్టిన టౌను. బెత్ హకెరెం లోయలో, అక్కో నుంచి సఫేద్ వైపు వెళ్లే 85 నంబరు రోడ్డు పక్కన ఉంటుంది. రోడ్డుకి అటూ ఇటూ అంతకుముందునుంచీ ఉన్న అరబ్బు ఊళ్లు. మజ్ద్ అల్ క్రుమ్, దేర్ అల్ అసద్, బియినా, నహఫ్. కర్మియేల్ కట్టిన నేలలో చాలా భాగం ఆ ఊళ్ల దగ్గర తీసుకున్నదే. ఆ కోపం ఆ ఊళ్లల్లో ఇప్పటికీ పచ్చిగానే ఉంది. 1976 మార్చి 30న గలిలయలో భూములు తీసుకోవడం మీద సమ్మె జరిగితే ఆరుగురు చనిపోయారు. ఆ రోజుని ఏటా భూమి దినం అని జరుపుకుంటారు. నేను పనిచేసిన ఇంటి బాల్కనీలోంచి చూస్తే మసీదు మినారు కనిపించేది. తెల్లవారుజామున అజాన్ స్పష్టంగా వినపడేది. అంత దగ్గర. అయినా ఇక్కడి పిల్లల బడి వేరు, అక్కడి పిల్లల బడి వేరు. ఒకరిది హీబ్రూ, ఒకరిది అరబ్బీ. కొట్టు దగ్గరో, ఆసుపత్రిలోనో, కారు రిపేరు షెడ్డులోనో పెద్దవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకునేవాళ్లు. పిల్లలకి ఆ మాత్రం కూడా లేదు.

నాకిది కొత్తగా అనిపించలేదు. మా ఊళ్లో కాలువకి ఇటు పేట, అటు ఊరు.

నేను చూసుకున్న ముసలావిడని నేను కూడా సవ్తా అనే పిలిచేదాన్ని, అంటే మామ్మ. పుట్టింది రుమేనియాలో. చిన్నపిల్లగా రెండో ప్రపంచ యుద్ధం చూసిన మనిషి. వాళ్లింట్లో చాలామంది ఆ యుద్ధంలో పోయారు. నడుము పట్టేసి చక్రాల కుర్చీలో ఉండేది గానీ నోరు మాత్రం చురుకు. కూతురికి ఆసుపత్రిలో డ్యూటీ. మనవరాలికి అప్పుడు పదేళ్లు దాటి ఉంటాయేమో. ఆ పిల్ల బడిలో విని వచ్చి "సర్కస్ నేర్చుకుంటాను" అని పట్టుబట్టింది. సరే అన్నారు. తీరా చూస్తే అది యూదుల పిల్లలూ అరబ్బు పిల్లలూ కలిసి చేసే సర్కస్ అని తెలిసింది. సవ్తా మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి ఆవిడే ఒక షరతు పెట్టింది. పిల్లతోపాటు తానూ వస్తుంది, ప్రాక్టీసు అయ్యేదాకా కూర్చుని చూస్తుంది. ఆవిడ వెళ్తే నేను వెళ్లాల్సిందే. అలా నా మంగళవారం సాయంత్రాలు సర్కస్‌కి రాసి పెట్టినట్టయింది.

దాని పేరు గలిలీ సర్కస్. 2003లో మొదలైంది. మార్క్ రోజెన్‌స్టీన్ అనే రబ్బీ, అంటే యూదుల మతగురువు, అమెరికా నుంచి వచ్చి దగ్గర్లోని షొరషిం అనే చిన్న ఊళ్లో స్థిరపడినాయన, వాళ్ల సంస్థ తరఫున పెట్టారు. ఆ రోజులు ఎలాంటివో గుర్తు చేసుకోవాలి. 2000 అక్టోబరులో ఉత్తరాన అరబ్బు ఊళ్లల్లో జరిగిన గొడవల్లో పోలీసు కాల్పులకి 13 మంది చనిపోయారు. బస్సుల్లో బాంబులు పేలుతున్న కాలం. అరబ్బుల హోటళ్లకి యూదులు పోవడం మానేశారు, యూదుల పార్కులకి అరబ్బులు రావడం మానేశారు. పెద్దవాళ్లని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి మాట్లాడించే కార్యక్రమాలు అక్కడ చాలా ఉండేవి. ఈయన పిల్లల చేత పిల్లిమొగ్గలు వేయించారు. నాకైతే ఇదే తెలివైన పని అనిపిస్తుంది.

*

ప్రాక్టీసు జరిగే ఆ జిమ్ హాలు ఇప్పుడు కూడా కళ్లు మూసుకుంటే మొత్తం వినపడుతుంది. నేల మీద బూట్ల కీచుమనే చప్పుడు. నీలం మ్యాట్ మీద ఎవరో ధబ్బున పడటం. జగ్లింగ్ క్లబ్బులు, అంటే గాల్లోకి ఎగరేసి పట్టుకునే సీసాల్లాంటి కర్రలు, అరచేతిలో పడ్డప్పుడు ఠప్, ఠప్, ఠప్, ఎక్కడైనా ఒక ఠప్ తప్పితే వెంటనే నేల మీద డొల్లు చప్పుడు. జారకుండా చేతులకి రాసుకునే తెల్ల పొడి గాల్లో లేచి లైటు వెలుగులో కనపడేది. రబ్బరు వాసన, చెమట వాసన. వాటి మీదుగా జాతర్ అనే ఎండు ఆకుల పొడి వేసి కాల్చిన రొట్టె వాసన. ఆ రొట్టె తెచ్చేది నిన్న పోయిన ఆ తల్లే. మధ్యాహ్నం కాల్చి, తువ్వాల్లో చుట్టి, దేర్ అల్ అసద్ నుంచి పిల్లలు వచ్చే వ్యానులో కొడుకుతోపాటు తనూ వచ్చేది. మనవరాల్ని ఒంటరిగా పంపకూడదని సవ్తా ఎలా వచ్చిందో, కొడుకుని ఒంటరిగా పంపడానికి భయపడి ఆవిడా అలాగే వచ్చింది.

మొదట్లో గోడ వారగా కుర్చీలు రెండు గుంపులుగా ఉండేవి. ఎవరూ వేయలేదు, అవే అలా పడ్డాయి. కిటికీ వైపు హీబ్రూ, తలుపు వైపు అరబ్బీ. నేను సవ్తా కుర్చీతో మధ్యలో. ఒకరోజు ఆ తల్లి తువ్వాలు విప్పి అటూ ఇటూ చూసి, నన్ను చూసి, హీబ్రూలో "తింటావా" అంది. నేను కువైట్ అరబ్బీలో జవాబిచ్చాను. ఆవిడ తెల్లబోయి, తర్వాత కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఇండియా మనిషి గల్ఫ్ షేక్‌లా మాట్లాడుతోందట. ఆ రోజు నుంచి నాకు ఒక రొట్టె ముక్క ఖాయం. సవ్తాకి పెట్టమని ఇంకో ముక్క ఇచ్చేది. సవ్తా మొదట ముట్టుకోలేదు. పళ్లు నొప్పి అంది. కొన్ని వారాల తర్వాత పళ్లు నొప్పి పోయింది.

నేర్పేవాళ్లు ఇద్దరు. ఒకాయన రష్యా వైపు నుంచి వలస వచ్చిన పెద్దమనిషి, ఆయన హీబ్రూ నా హీబ్రూకన్నా కొంచెం నయం. ఇంకో కుర్రాడు అరబ్బు. ఇద్దరిదీ ఒకటే పద్ధతి. మాటలు తక్కువ. చేసి చూపించడమే. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడి క్లబ్బులు విసురుకునే పాఠం నాకు బాగా గుర్తు. చెరో మూడు క్లబ్బులు. తమ చేతుల్లో ఆడిస్తూ, లెక్క ప్రకారం కుడిచేతిది అవతలివాళ్లకి పంపాలి. గాల్లో ఒక్క పల్టీ కొట్టి పిడి సరిగ్గా ఎదుటివాళ్ల చేతిలోకి రావాలి. గట్టిగా విసిరితే మొహం పగులుతుంది, మెల్లగా విసిరితే కాళ్ల దగ్గర పడుతుంది. పెద్దాయన పెట్టిన నియమం ఒకటే. క్లబ్బు కింద పడితే తప్పు విసిరినవాళ్లది, పట్టుకోలేనివాళ్లది కాదు. అందుకని ప్రతి పిల్లా విసిరే ముందు ఎదుటివాళ్ల కళ్లలోకి చూసేది, సిద్ధంగా ఉన్నారో లేదో అని. గంటకి అలా వందసార్లు. వాళ్ల బడుల్లో, వాళ్ల వీధుల్లో ఎవరూ వాళ్లని ఒకళ్ల కళ్లలోకి ఒకళ్లని చూసుకోమనలేదు.

ఇక పిరమిడ్లు. మన సవ్తా మనవరాలు బక్కపలచగా ఉండేది కాబట్టి పైకెక్కేది తనే. కింద నిలబడేది ఆ రొట్టెల తల్లి కొడుకు, వయసుకి మించిన భుజాలు. ముందు ఇద్దరూ మణికట్లు పట్టుకోవాలి, వేళ్లు కాదు, వేళ్లైతే జారతాయి. అతను కొంచెం మోకాళ్లు వంచితే ఆమె తొడ మీద అడుగు వేసి, చెయ్యి లాగిపట్టి, రెండో అడుగు భుజం మీద వేస్తుంది. లేచి నిలబడ్డాక మడమలు రెండూ అతని మెడ వెనక దగ్గరగా పెట్టాలి. అతను ఆమె పిక్కలు పట్టుకుని కిందికి నొక్కి ఉంచుతాడు. కిందివాడు పైకి చూడకూడదు, పైనున్నది కిందికి చూడకూడదు. వెనకా ముందూ ఇద్దరు పిల్లలు చేతులు చాచి నిలబడి ఉంటారు, పడితే పట్టుకోవడానికి.

మొదటిసారి ఆ పిల్ల అతని భుజం మీద కాలు పెట్టిన రోజు హాల్లో రెండు గుంపులూ మాట్లాడటం ఆపేశాయి. ఆ వయసు యూదుల ఆడపిల్ల, అరబ్బు మగపిల్లవాడు. నాకు మాత్రం గుండెల్లో ఏదో కదిలింది, కారణం వేరు. మా పేటలో పుట్టినవాళ్లకి ముట్టుకోవడం అంటే ఏంటో తెలుసు. నా చిన్నప్పుడు ఊళ్లో ఒక కామందు ఇంట్లో కూలి డబ్బులు మా నాన్న చేతిలో పెట్టేవారు కాదు, అరుగు మీద పడేసేవారు. ఏరుకోవాలి. అలా పెరిగినదాన్ని నేను. వేరుగా పెట్టిన రెండు జాతుల పిల్లలకి ఒకళ్ల ఒంటి మీద ఒకళ్లు బరువు మోపమని చెప్పే చోటు ఒకటి లోకంలో ఉందని అక్కడ చూశాను. ముట్టుకోకుండా చేయగల ఆట కాదది. సర్కస్సే ఎందుకని అడిగినవాళ్లకి నేను ఎప్పుడూ ఇదే చెబుతాను.

*

సర్కస్ అంటే నాకు చిన్నప్పుడు వేరే ఉండేది. అమలాపురంలో డేరా వేస్తే రాత్రిళ్లు సర్చిలైటు ఆకాశంలో తిరిగేది, మా పేటదాకా కనపడేది. ఒకసారి నాన్న తీసుకెళ్లారు. తీగ మీద నడిచిన పిల్లకి నా వయసే ఉంటుంది. ఆ పిల్ల నవ్వుతూనే ఉంది గానీ తీగ దిగగానే నవ్వు ఆగిపోయింది. ఆ పిల్లకి బడి ఉందా అని ఆ వయసులోనే నాకు అనిపించింది. మన సుప్రీంకోర్టు 2011లో సర్కసుల్లో పిల్లల చేత పనిచేయించకూడదని చెప్పింది. మంచి పని.

డేరా సర్కస్‌కన్నా ముందు దొమ్మరాట చూశాను. కోతల తర్వాత వచ్చేవాళ్లు. డోలు కొడుతుంటే ఒకామె గడ ఎక్కి, చిటారున పొట్ట ఆనించి గిర్రున తిరిగేది. ఎంత ధైర్యం, ఎంత విద్య! ఆట అయ్యాక ఊళ్లోవాళ్లు ధాన్యం దూరంనుంచి పోసేవాళ్లు. బాధేమిటంటే, ఊరు మమ్మల్ని దూరం పెడితే మా పేటవాళ్లు వాళ్లని ఇంకా దూరం పెట్టేవాళ్లు. వాళ్ల పిల్లలతో ఆడొద్దనేవాళ్లు. ఒకళ్లని చూసి ఒకళ్లు నేర్చుకునే రోగం ఇది. కర్మియేల్లో రష్యా నుంచి వచ్చినవాళ్లని పాతవాళ్లు ఏదో అనేవాళ్లు, వాళ్లిద్దరూ కలిసి అరబ్బులని అనేవాళ్లు. అరబ్బు ఊళ్లల్లో కూడా మా పనివాళ్లని చూసి మొహం తిప్పుకున్నవాళ్లు లేకపోలేదు.

*

బట్టల విషయం చెప్పాలి, అందులో నా చెయ్యి ఉంది కాబట్టి. ప్రదర్శన దగ్గర పడింది. ఆడపిల్లలకి ఒంటికి అతుక్కునే పొట్టి చేతుల డ్రెస్సులు తెచ్చారు. దేర్ అల్ అసద్ నుంచి వచ్చే ఇద్దరు ఆడపిల్లల ఇళ్లల్లో ఒప్పుకోలేదు. మానిపించేస్తామన్నారు. అప్పటికే పెద్దమనిషైతే ఆడపిల్ల రావడం మానేయడం ఒకటి రెండుసార్లు చూశాను. నాకు కుట్టుపని వచ్చు. సవ్తా పెళ్లప్పటి కుట్టుమిషను ఇంట్లో మూలనుంది. పొడుగు చేతుల సాగే బట్ట కొని, పిల్లలందరికీ ఒకేలాంటివి కుట్టాను, ఆ ఇద్దరికి మాత్రమే వేరుగా కాకుండా. చంక కింద నాలుగు పలకల ముక్క వేసి కుడితే చేతులు పూర్తిగా పైకెత్తినా నడుము దగ్గర బట్ట లేవదు. మన జాకెట్లకి వేసినట్టే. ఆ చిన్న ముక్క లేకపోతే ట్రపీజు పట్టుకోగానే చొక్కా పొట్ట మీదికి వచ్చేస్తుంది. సవ్తా కుర్చీలో కూర్చుని దారం ఎక్కించి ఇచ్చేది. "అరబ్బులకి కుడుతున్నావా" అని గొణిగేది. గొణుగుతూనే బొత్తాలు ఏరిపెట్టేది.

ఆట ఒకసారి కర్మియేల్లో వేశారు, ఒకసారి దేర్ అల్ అసద్‌లో. సవ్తా రెండోదానికి రానంది. మనవరాలు మొహం చూసి వచ్చింది. కుర్చీ మెట్లు ఎక్కకపోతే నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తి తీసుకెళ్లి ముందు వరసలో పెట్టారు. ఆవిడ పర్సు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆట అయ్యేదాకా వదల్లేదు. కానీ పిరమిడ్ లేచినప్పుడు చప్పట్లు కొట్టడానికి పర్సు నా ఒళ్లో పడేసింది. ఆట తర్వాత ఆ అబ్బాయి తాతగారు మాకు కాఫీ తెచ్చి ఇచ్చి, కర్మియేల్ కొండ వైపు చెయ్యి చూపించి, వాళ్ల ఆలివ్ చెట్లు ఎక్కడ ఉండేవో చెప్పారు. గొంతు పెంచలేదు. సవ్తా ఏమీ అనలేదు, కాఫీ మొత్తం తాగింది. ఆ ఇద్దరి మధ్య అంతకుమించి ఏదీ తేలలేదు, తేలుతుందని కూడా ఎవరూ అనుకోలేదు.

*

2006 జూలైలో లెబనాన్ యుద్ధం వచ్చింది. 34 రోజులు. హిజ్బుల్లా రాకెట్లు కర్మియేల్ మీద పడ్డాయి, మజ్ద్ అల్ క్రుమ్ మీద పడ్డాయి, దేర్ అల్ అసద్ మీద పడ్డాయి. రాకెట్‌కి ఏ ఇంటివాళ్లు ఏ మతమో తెలియదు. మా బిల్డింగులో కింద షెల్టర్ ఉంది. సైరన్ మోగగానే సవ్తాని భుజాన వేసుకుని దిగేదాన్ని. అరబ్బు ఊళ్లల్లో చాలాచోట్ల షెల్టర్లూ లేవు, సైరన్లూ లేవు. మజ్ద్ అల్ క్రుమ్‌లో, దేర్ అల్ అసద్‌లో మనుషులు చనిపోయారు.

ఆ రోజుల్లో మనవరాలు రోజూ ఆ అబ్బాయి ఇంటికి ఫోన్ చేసేది. ఒకరోజు ఏడుస్తూ వాళ్లమ్మతో, వాళ్లని మన షెల్టర్‌కి రమ్మందాం అంది. వాళ్లమ్మ నిజంగానే ఫోన్ తీసుకుని పిలిచింది. ఆ తల్లి థ్యాంక్స్ చెప్పి రానంది. అత్తామామలు కదల్లేరు అంది. కాసేపాగి, మీ బిల్డింగులో మిగతావాళ్లు ఏమంటారో అని కూడా అంది. ఎవరూ ఆ మాట కాదనలేకపోయారు. మెట్ల కింద పరుపులు వేసుకుని ఉన్నారట.

కాల్పులు ఆగాక మొదటి ప్రాక్టీసు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా వస్తారా అని. కొందరు రాలేదు. ఒక పిల్లాడి బంధువులింట్లో చావు. వచ్చిన పిల్లలు మ్యాట్ మీద కూర్చున్నారు, ఎవరూ మాట్లాడలేదు. ముసలి కోచ్ ప్రసంగం ఏమీ ఇవ్వలేదు. క్లబ్బుల సంచి బోర్లించి రెండు వరసల్లో నిలబెట్టారు. మొదట క్లబ్బులు రాలిపోయాయి, నెల రోజులు చేతికి అలవాటు తప్పింది కదా. కాసేపటికి ఠప్, ఠప్ మొదలైంది. తర్వాత పిరమిడ్. పిల్ల సగం ఎక్కి ఆగిపోయింది, కాలు వణుకుతోంది. అతను పైకి చూడకుండా, ముందుకే చూస్తూ, మెల్లగా లెక్కపెట్టాడు. మూడు అనగానే ఆమె లేచి నిలబడింది. ఇంటికి వెళ్లే వేళకి అతని నల్ల టీషర్టు భుజాల మీద రెండు తెల్లటి పాదాల అచ్చులు, వేళ్లతో సహా. వాళ్లమ్మ తలుపు దగ్గర ఆపి "ఎవరే నీ నెత్తినెక్కింది" అంటూ చేత్తో దులిపింది. దులిపినా పూర్తిగా పోలేదు. అలాగే వ్యాను ఎక్కాడు.

మరుసటి ఏడాది, 2007లో, అమెరికా నుంచి ఒక పిల్లల సర్కస్ బృందం గలిలయ వచ్చింది, తర్వాత మా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లారు. సెయింట్ లూయిస్‌లో సర్కస్ హార్మొనీ అని ఇలాంటిదే ఒక పిల్లల సర్కస్ ఉంది. అప్పట్లో జెస్సికా హెంటాఫ్ అనే ఆవిడ నడిపేవారు, అక్కడి సిటీ మ్యూజియంలో. వాళ్ల బృందంలో నల్లజాతి పిల్లలూ తెల్లజాతి పిల్లలూ కలిసి ఆడతారు. అంటే వాళ్లకీ ఒక కాలువ ఉందన్నమాట. మనవరాలు ఫోన్ చేసి, రాత్రి పడుకునే ఇంట్లో తనకీ దేర్ అల్ అసద్ అమ్మాయికీ ఒకటే గది ఇచ్చారని, ఆ అమ్మాయి నమాజు చేసుకునేటప్పుడు తను లైటు ఆర్పకుండా ఉంటోందని చెప్పింది. సవ్తా ఫోన్ స్పీకర్లో విని "ఆ పిల్ల సరిగ్గా తింటోందా" అని అడిగింది.  రెండు బృందాలూ కలిసి ఆడటం ఏళ్లపాటు సాగింది.

అన్నీ ఇలాగే సాగలేదు. 2008లో యోమ్ కిప్పుర్ రాత్రి, అంటే యూదులు బండి తియ్యని పవిత్ర దినాన, ఒక అరబ్బు కారు నడిపాడని అక్కోలో మొదలైన గొడవ రోజుల తరబడి సాగింది. కొట్లు పగిలాయి, ఇళ్లు తగలబడ్డాయి. ఆ వారం హాల్లో కుర్చీలు మళ్లీ రెండు గుంపులయ్యాయి. ఒక యూదు తండ్రి కూతుర్ని మానిపించేశాడు, మళ్లీ పంపలేదు. మంచి జగ్లరు ఆ పిల్ల. రొట్టెల తల్లి ఆ వారం కూడా వచ్చింది. తువ్వాలు విప్పి, లేచి, కిటికీ వైపు నడిచి వెళ్లి ఒక్కొక్కరి ముందూ నిలబడి రొట్టె పెట్టింది. కొందరు తీసుకున్నారు. తీసుకోనివాళ్ల ముందు కూడా తొందరపడకుండా నిలబడింది. అప్పుడు ఆవిడ చెయ్యి కొంచెం వణికింది, నేను చూశాను. నాకు తెలిసిన ధైర్యవంతుల్లో ఆవిడది మొదటి వరస.

*

సవ్తా పోయాక నా వీసా అయిపోయింది, ఇంటికి వచ్చేశాను. సవ్తా చివరిదాకా అరబ్బుల గురించి గొణుగుతూనే ఉంది. మారిపోయిందని నేను అబద్ధం రాయను. కానీ ఆ అబ్బాయికి భుజం బెణికినప్పుడు నెల రోజులు ప్రతి మంగళవారం ముందు అతని భుజం ఎలా ఉందో అడిగాకే మనవరాలి సంగతి అడిగేది. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి.

2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి తర్వాత వాళ్లెవరికీ ఏం మెసేజ్ పెట్టాలో నాకు తోచలేదు. ఇద్దరికీ ఒకటే పెట్టాను, మీకోసం ప్రార్థన చేస్తున్నానని. తర్వాత 2024 అక్టోబరులో మజ్ద్ అల్ క్రుమ్ మీద రాకెట్ పడి ఇద్దరు చనిపోయారని వార్తల్లో చూసి, ఆ తల్లికి ఫోన్ చేశాను. అప్పటికే గొంతు బలహీనపడింది. బాగానే ఉన్నాం, పిల్ల కూడా ఫోన్ చేసింది అంది. పిల్ల అంటే సవ్తా మనవరాలు. ఇప్పుడు హైఫాలో ఫిజియోథెరపీ చేస్తోంది, ఇద్దరు పిల్లలు. ఆ అబ్బాయి చాలాకాలం సాయంత్రాలు చిన్నపిల్లలకి జగ్లింగ్ నేర్పాడు.

ఆ లోయ ఏమీ మారలేదు అనేవాళ్లు ఉంటారు. యుద్ధాలు ఆగలేదు, భూమి వెనక్కి రాలేదు, బడులు వేరుగానే ఉన్నాయి. నిజమే. ఒక జిమ్ హాలు మీద అంత బరువు పెట్టడం న్యాయం కాదంటాను. అది చేయగలిగింది అది చేసింది. నిన్న అక్కడ ఒక ఇంట్లో కాఫీ ఎవరు పోశారో నాకు తెలుసు.

2022 మే నెలలో జిల్లాకి అంబేడ్కర్ గారి పేరు పెడుతున్నారని మా అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ఆ రాత్రి మా పేటలో ఎవరూ పడుకోలేదు. మా హైస్కూల్లో ఊరి పిల్లలూ పేట పిల్లలూ ఒకే బెంచీల మీద కూర్చుంటారు, బెల్లు కొట్టగానే రెండు గుంపులుగా ఇళ్లకి పోతారు. ఆదివారం క్రికెట్ కూడా ఎవరిది వాళ్లదే. ఈ మధ్య పీఈటీ సారుతో మాట్లాడాను. వేసవి సెలవుల్లో సాయంత్రం పూట గంటసేపు, జగ్లింగ్, చిన్న చిన్న పిరమిడ్లు. సారు సరే అన్నారు. పేటవైపు తల్లులతో పాస్టరమ్మగారు మాట్లాడతారు. ఊరివైపు తల్లులతో మాట్లాడాల్సింది నేనే. ఇద్దరు ఇప్పటికే చూద్దాంలే అన్నారు. డ్రెస్సులు నేను కుడతాను. జిమ్నాస్టిక్స్ సక్రమంగా నేర్చుకుని, పిల్లలు పడకుండా పట్టుకోవడం తెలిసినవాళ్లు ఒకరు కావాలి. అది తెలియకుండా మొదలుపెట్టకూడదు. రాజమండ్రి, కాకినాడ వైపు అలాంటివాళ్లు మీకు తెలిస్తే చెప్పండి, నేనే వచ్చి కలుస్తాను.